మహారాజశ్రీ ప్రాసెసింగ్ ఫీజు గారి దివ్య సముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి. ప్రవేశ పరీక్షల ఫలితాలు వచ్చి, కౌన్సెలింగ్ మొదలై, కళాశాలలు ఫీజు కట్టడానికి ఆఖరి తేదీలు ప్రకటించే రోజులివి. మీకు ఊపిరి సలపని పని ఉంటుందని తెలుసు. అయినా ఈ ఉత్తరం చదవడానికి కాసేపు కేటాయించండి. మీకు పోయేదేమీ లేదు. పోయేదెప్పుడూ అవతలివాళ్లదే కదా.

ముందుగా మీ తెగువకు నమస్కారం. డబ్బు లేకనే అప్పు కోసం వచ్చినవాణ్ణి, ముందు నువ్వే కొంత డబ్బు పంపమని అడగడం సామాన్యులకు చేతనయ్యే పని కాదు. మీరు అడగడమే కాదు, పంపించుకుంటారు కూడా. అదీ గంటలో.

మీ పేరుతోనే బ్యాంకుల్లో మరొకాయన ఉన్నాడు. పాపం, చాదస్తపు మనిషి. తానెంతో ముందే కాగితం మీద రాసి చూపిస్తాడు. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టాక ఆయనకు దాక్కోవడానికి చోటే లేకుండా పోయింది. వడ్డీ ఎంత, చార్జీలు ఎంత, అన్నీ కలిపితే ఏడాదికి నూటికి ఎంత పడుతుంది, అంతా అందులో ఉండాలి. అందులో లేని చార్జీని అప్పు తీసుకున్నవారి అంగీకారం లేకుండా వసూలు చేయడానికి వీల్లేదు. ఆయన వెళ్లేది బ్యాంకు ఖాతాలోకి, వచ్చేది రసీదుతో. స్వదేశంలో చదువుకు ఇచ్చే రుణాల్లోనైతే చాలా బ్యాంకుల్లో ఆయన అసలు కనిపించడు. మీ పద్ధతి వేరు. మీ కాగితం మీద ఉండేది కంపెనీ పేరు, డబ్బు చేరేది మాత్రం ఎవరో ఒక మనిషి యూపీఐ ఖాతాకు.

మా వీధి చివరి ఇంటి అమ్మాయికి మీరు చేసిన ఉపకారం ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వాళ్ల నాన్న బ్యాంకుకు వెళ్లాడు. మొదట మార్కుల జాబితాలు అడిగారు, తర్వాత ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆ తర్వాత పట్టాదారు పాసు పుస్తకం. 4 లక్షల రూపాయల లోపు విద్యా రుణానికి ఆస్తి హామీ అడగరాదని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పిన మాట ఆ కౌంటరు దాకా ఇంకా చేరలేదు కాబోలు. చివరికి, మీ చిరునామా మా శాఖ పరిధిలోకి రాదు, ఫలానా శాఖకు వెళ్లండన్నారు. ఆ శాఖలో మేనేజరు సెలవులో ఉన్నాడు. కళాశాల గడువు శనివారంతో సరి.

శుక్రవారం మీరు వచ్చారు. వాట్సాప్‌లో, "అమ్మా" అని పిలుస్తూ. ఆ పిలుపు ఆ ఇంట్లోవాళ్లకు ఏ బ్యాంకులోనూ వినపడలేదు. ఆధార్ ఫోటో పంపిన పావుగంటకే మంజూరు పత్రం. నేను దాన్ని కళ్లారా చూశాను. పైన రిజర్వు బ్యాంకు ముద్ర, కింద గుండ్రటి స్టాంపు, దాని పక్కన ఆకుపచ్చ సిరాతో సంతకం. సంతకం మీదకు స్టాంపు అంచు కాస్త ఒరిగి ఉండటం చూస్తే ఎవరో కుర్చీలో కూర్చుని వేసినట్టే ఉంది. ఆ నేర్పుకు ముచ్చటేసింది. రిజర్వు బ్యాంకు మామూలు మనుషులకు నేరుగా అప్పులివ్వదు, మంజూరు పత్రాల మీద ముద్రలూ వేయదు. అయితే గడువు ముంచుకొస్తుంటే ఈ సంగతి ఎవరికి గుర్తుకొస్తుంది?

మొదట మీరు. మీ వెనక బీమా. దాని మీద జీఎస్టీ. మూడూ కట్టాక అసలు కళాఖండం బయటపడింది: "మీ ఖాతా నంబరులో ఒక అంకె తప్పు నమోదైంది, కనుక రుణం స్తంభించింది. సరిదిద్దాలంటే పూచీ సొమ్ము కట్టాలి, అది తిరిగి ఇస్తాం." ఆ అమ్మాయి తాను పంపిన నంబరు చూసుకుంది. సరిగ్గానే ఉంది. మీ పత్రంలో మాత్రం చివరి 6 కాస్తా 9 అయి కూర్చుంది. తప్పు చేసింది మీరు, దిద్దుబాటు ఖర్చు ఆమెది. రుణమే వద్దు మొర్రో అంటే దానికి రద్దు రుసుమట! కట్టకపోతే పోలీసు కేసు అన్నారు. అప్పు ఇవ్వకుండానే అప్పు ఎగవేసినవాళ్లను తయారు చేసే విద్య మీ దగ్గరే చూశాను.

ఇంత చేసినా ఇందులో ఘనతంతా మీదే అంటే నేను ఒప్పుకోను. మీకు ఊరూరా జీతంలేని ఏజెంట్లున్నారు. "రేపు రండి" అనే బ్యాంకు గుమాస్తా ఒకడు. గడువు దాటితే సీటు పోతుందని నోటీసు అంటించే కళాశాల ఇంకొకటి. ఒకే దరఖాస్తుతో పలు బ్యాంకులను అడగడానికి విద్యాలక్ష్మి పోర్టల్ 2015 ఆగస్టు 15న మొదలైంది. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. జాబితాలోకెక్కిన ఉన్నత విద్యాసంస్థల్లో (మొదట 860) సీటు వచ్చినవారికి ఆస్తి హామీ, జామీను లేకుండా రుణం, 7.5 లక్షల దాకా 75 శాతం ప్రభుత్వ పూచీ, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే 10 లక్షల దాకా రుణం మీద మారటోరియంలో, అంటే చదువు, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేని కాలంలో, 3 శాతం వడ్డీ రాయితీ. చదువుతుంటే కడుపు నిండుతుంది. ఆ అమ్మాయి కళాశాల ఆ జాబితాలో లేదు, అది వేరే సంగతి. ఉన్నవాళ్లకైనా ఈ కబురు చెప్పేవాడు ఇంటికి రాడు. మీరు నేరుగా ఫోన్‌లోకే వస్తారు.

మీ రెండో అవతారం యాప్. హాస్టల్ బాకీకో, పరీక్ష ఫీజుకో అయిదు వేలు అడిగిన కుర్రాడికి మిమ్మల్ని ముందే కోసుకొని 3,500 చేతిలో పెడతారు, వారం తిరగ్గానే 5,000 కట్టమంటారు. వారానికి నూటికి 42 పైనే. ఏడాది లెక్క వేస్తే నూటికి రెండు వేలు దాటుతుంది. పూర్వపు కాల్‌మనీ వ్యాపారులు మిమ్మల్ని చూస్తే లేచి నిలబడతారు. కట్టడం ఒక్కరోజు ఆలస్యమైతే ఫోన్‌లోని పరిచయస్థులందరికీ మార్ఫింగ్ ఫోటోలు పంపుతారు.

ఇక్కడ కాస్త వ్యంగ్యం పక్కన పెడతాను. 2020 చివర్లో తెలంగాణలో ఈ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారున్నారు. అప్పుడే హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు, రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని వేసింది. 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాల మార్గదర్శకాలు వచ్చాయి: సొమ్ము మధ్యలో ఎవరి చేతులూ మారకుండా తీసుకున్నవారి ఖాతాకే చేరాలి, పరిచయాల జాబితా జోలికి, ఫోటోల జోలికి యాప్ పోకూడదు, మధ్యవర్తికి ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే అప్పిచ్చే సంస్థే ఇచ్చుకోవాలి. తన నియంత్రణలోని సంస్థలు వాడే యాప్‌ల జాబితాను రిజర్వు బ్యాంకు 2025 జూలై నుంచి తన వెబ్‌సైటులోనే పెట్టింది. పేరు వెతకడానికి నిమిషం చాలు. ఆ నిమిషమే లేకుండా తొందరపెట్టడం మీ వృత్తి రహస్యం.

చదువైపోయాక కూడా మీరు వదలరు. ఉద్యోగం రాక కుర్రాళ్లు బిక్కుబిక్కుమంటూ ఉన్న సమయం చూసి, "విద్యా రుణం మాఫీ చేయిస్తాం, ధ్రువపత్రం ఇస్తాం, సేవా రుసుము మాత్రం ముందు కట్టండి" అని ప్రకటనలిస్తారు. ఇలాంటి మాఫీ పత్రాలిచ్చే అధికారం ఎవరికీ లేదని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో హెచ్చరించాల్సి వచ్చింది. మీ పత్రం పట్టుకొని వాయిదా మానేసినవాడికి దక్కేది పడిపోయిన క్రెడిట్ స్కోరు. వాడికి ఒక్కడికే కాదు, పక్కన సంతకం పెట్టిన తండ్రికీ.

నేనూ అలా సంతకం పెట్టినవాణ్ణే కనుక మీకు గిట్టని సంగతి ఒకటి చెప్పాలి. మారటోరియం అంటే వడ్డీ నిద్రపోయే కాలమని మా వాడు అనుకున్నాడు. 4 లక్షలు 10 శాతం వడ్డీకి ఒకేసారి తీసుకున్నారనుకోండి. నాలుగేళ్ల చదువు, ఆపైన ఒక ఏడాది గడువు, సాధారణ వడ్డీయే 2 లక్షలు అవుతుంది. వాయిదాలు మొదలయ్యేది 6 లక్షల మీద. అందుకని ఆ వడ్డీ నెలనెలా కడుతూ వచ్చాను. అలా కట్టేవారికి చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి, మాకూ తగ్గించారు. పాత పన్ను విధానంలో ఉన్నాను గనుక ఆదాయపు పన్ను చట్టం 80ఈ సెక్షన్ కింద కట్టిన వడ్డీకి పూర్తి మినహాయింపు దొరికింది. అది ఎనిమిదేళ్ల దాకా ఉంటుంది. ఒకసారి ఇబ్బందైతే, వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని అడిగాను. మేనేజరు మొహం చిట్లించాడు, పెంచాడు. దీనంతటిలో మీరు ఎక్కడా తగలలేదు. మీకు నొప్పి కలిగించే విషయమే, మన్నించాలి.

ఇట్లు,
తమ సేవలు అక్కరలేని
ఒక సహ రుణగ్రహీత

తా.క.: మా వీధి అమ్మాయి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసింది. మర్నాడు సైబర్ విభాగం నుంచి అంటూ ఎవరో పిలిచి, పోయిన డబ్బంతా తిరిగి ఇప్పిస్తామనీ, దానికి ఫైలు చార్జీ ముందు కట్టాలనీ చెప్పారట. ఆమె ఆ గొంతును గుర్తుపట్టింది. మీరే.