బాజియోను వద్దన్న కోచ్ పిర్లోకు చోటు చూపించాడు

ఫుట్‌బాల్ కోచ్‌గా ఐదు చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ) టైటిళ్లు గెలిచింది ఒక్క కార్లో ఆంచెలోట్టి. ఇటలీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ ఐదింటిలోనూ లీగ్ గెలిచిన కోచ్ కూడా ఆయనొక్కడే. అయినా ఆయన పేరెత్తితే వ్యూహం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. స్టార్లను బాగా చూసుకుంటాడు, గొంతు పెంచడు, డ్రెస్సింగ్ రూమ్‌లో గొడవలు రానివ్వడు అంటారు. వ్యూహకర్త పీట స్పెయిన్ కోచ్ గార్డియోలాకు వేసి, ఈయనకు మంచి మనిషి అన్న పేరిచ్చి సరిపెడతారు.

నా దృష్టిలో ఇది పెద్ద పొరపాటు. ఆంచెలోట్టి కోచింగ్ జీవితమంతా ఒకే చిక్కు చుట్టూ తిరిగింది. జట్టులో బంతితో అందరికంటే తెలివైన ఆటగాడు పరుగులో, బంతి లాక్కోవడంలో వెనకబడితే అతన్ని మైదానంలో ఎక్కడ నిలబెట్టాలి? అతను వదిలేసే ఖాళీని ఎవరు పూడ్చాలి? దీనికి ఆయన ఒక్కో క్లబ్బులో ఒక్కో జవాబు వెతికాడు. జవాబు దొరికిన చోట కప్పులొచ్చాయి, దొరకని చోట ఉద్యోగం పోయింది.

ఈ చిక్కు ఆయనకు ఆటగాడిగానే తెలుసు. 1959లో ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలోని రెజ్జోలోలో రైతు కుటుంబంలో పుట్టాడు. పార్మాలో మొదలుపెట్టి 1979లో రోమాకు వెళ్లాడు. అక్కడి కోచ్ స్వీడన్‌కు చెందిన నీల్స్ లీడ్‌హోమ్. 1982-83లో రోమా లీగ్ గెలిచిన సీజన్‌లో లీడ్‌హోమ్ చేసిన ఒక మార్పు గమనించదగ్గది. అగోస్టినో డి బార్తొలొమెయి పాస్‌లో దిట్ట, కాళ్లలో మాత్రం వేగం లేదు. అతన్ని మిడ్‌ఫీల్డ్ నుంచి తీసి డిఫెన్స్ మధ్యలో నిలబెట్టాడు. ఎదురుగా మైదానమంతా కనిపిస్తుంది, ఒంటి మీదికి వచ్చేవాళ్లు తక్కువ. ముందున్న ఫాల్కావ్, ఆంచెలోట్టి లాంటివాళ్లు పరుగెత్తుతారు. ఇరవై ఏళ్ల తర్వాత మిలాన్‌లో ఆంచెలోట్టి చేసిన పనికి మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

మోకాలి గాయాలు ఆయన్ను వెంటాడాయి. వాటివల్ల 1982 ప్రపంచకప్పూ పోయింది, 1984లో రోమా సొంత మైదానంలో లివర్‌పూల్‌తో ఆడిన యూరోపియన్ కప్ (ఇప్పటి చాంపియన్స్ లీగ్) ఫైనలూ పోయింది. 1987లో అరీగో సాక్కి ఆయన్ను మిలాన్‌కు తీసుకున్నాడు. సాక్కి 4-4-2లో (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) డిఫెన్స్ గీతకూ స్ట్రైకర్లకూ మధ్య దూరం సుమారు 25 మీటర్లు దాటకూడదు. అందరూ కలిసి ముందుకు, కలిసి వెనక్కి. ఒక్కడు రెండడుగులు ఆలస్యం చేసినా గొలుసు తెగుతుంది. వేగం తగ్గిన ఆంచెలోట్టి రైకార్డ్ పక్కన నిలబడి, ఎక్కడ ఉండాలో ముందే లెక్కగట్టుకుని ఆడాడు. 1989, 1990 యూరోపియన్ కప్పులు గెలిచిన జట్టు అదే. 1989 సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ను 5-0తో ఓడించిన రాత్రి, దూరం నుంచి తన్ని మొదటి గోల్ కొట్టింది ఆయనే.

1992లో ఆట మానేసి, ఇటలీ జాతీయ జట్టులో సాక్కికి సహాయకుడయ్యాడు. 1994 ప్రపంచకప్ ఫైనల్ దాకా ఆ బెంచ్ మీదే ఉన్నాడు. రెజ్జానా క్లబ్బును ఇటలీ పై లీగ్ సీరీ ఏకు చేర్చి, 1996లో పార్మాకు కోచ్‌గా వచ్చేనాటికి ఆయనకు సాక్కి 4-4-2 వేదవాక్కు. దాని మూల్యం మొదట చెల్లించింది జాన్‌ఫ్రాంకో జోలా. స్ట్రైకర్ల వెనక ఖాళీలో తిరిగే ఆటగాణ్ని ఎడమ అంచున పెట్టి ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) వెనక పరుగెత్తమంటే ఏమవుతుంది? ఆ నవంబర్‌లోనే చెల్సీకి వెళ్లిపోయాడు. పార్మా మాత్రం ఆ సీజన్‌లో జువెంటస్‌కు రెండు పాయింట్ల దూరంలో రెండో స్థానంలో నిలిచింది. బఫన్, తురామ్, కన్నవారో, క్రెస్పో ఉన్న జట్టు. ఫలితం బాగుంది కాబట్టి పద్ధతి మీద నమ్మకం ఇంకా బిగుసుకుంది.

1997 వేసవిలో ఇటలీ స్టార్ రొబెర్తో బాజియో పార్మాకు రావడానికి సిద్ధపడ్డాడు. ఆంచెలోట్టి వద్దన్నాడు. క్రెస్పో, ఎన్రికో కియేజా జోడీ ఉంది, స్ట్రైకర్ల వెనక ఆడేవాడికి తన ఫార్మేషన్‌లో చోటు లేదు. బాజియో బొలోన్యాకు వెళ్లి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. తాను తప్పు చేశానని ఆంచెలోట్టి తర్వాత బహిరంగంగానే ఒప్పుకున్నాడు. 1999లో జువెంటస్‌కు వెళ్లేసరికి జిదాన్ ఎదురుగా ఉన్నాడు. అతన్ని అంచుకు నెట్టే ధైర్యం ఏ కోచ్‌కూ ఉండదు. ఆంచెలోట్టి ఈసారి ఫార్మేషన్‌నే మార్చాడు: 3-4-1-2, ఇద్దరు స్ట్రైకర్ల వెనక స్వేచ్ఛగా జిదాన్. రెండు పూర్తి సీజన్లలోనూ రెండో స్థానమే దక్కింది. 2000లో చివరి రోజు పెరూజాలో వర్షంతో నిండిన మైదానంలో 1-0తో ఓడి, ఒక్క పాయింట్ తేడాతో లీగ్‌ను లాజియోకు వదులుకున్నారు. జువెంటస్ ఆయన్ను పంపించేసింది గానీ అక్కడ నేర్చిన పాఠం ఆయనతోనే వచ్చింది.

2001 నవంబర్‌లో మిలాన్ పగ్గాలు చేపట్టాక అసలు పని మొదలైంది. ఆండ్రియా పిర్లో అప్పటిదాకా స్ట్రైకర్ల వెనక ఆడే పదో నంబర్ ఆటగాడిగా పేరున్నవాడు. ఆ చోట వెనక నుంచి ఒత్తిడి వస్తే తప్పించుకునే వేగం అతనికి లేదు. బ్రెషాలో కార్లో మజ్జోనె అతన్ని డిఫెన్స్ ముందుకు దించి చూశాడు. కారణం చిత్రమైనది: అక్కడ పదో నంబర్ స్థానం బాజియోది. ఆ ఆలోచనను ఆంచెలోట్టి మిలాన్‌లో పూర్తి వ్యవస్థగా మార్చాడు.

అది పనిచేసిన తీరు ఇది. ఆ రోజుల్లో ఎక్కువ జట్లు ఇద్దరు స్ట్రైకర్లతో ఆడేవి. వాళ్లిద్దరూ సెంటర్ బ్యాక్‌ల (డిఫెన్స్ మధ్యలో ఉండేవాళ్ల) మీదికి వెళ్తారు. ప్రత్యర్థి సెంట్రల్ మిడ్‌ఫీల్డర్లను రూయి కోస్టా, తర్వాత కాకా పైన కట్టిపడేస్తారు. మధ్యలో మిగిలిన పిర్లోను పట్టుకునే పని ఎవరిదీ కాదు. బంతి అందాక తల ఎత్తి చూడటానికి రెండు క్షణాలు దొరికితే అతనికి చాలు. ఇక బంతి పోయినప్పుడు? కుడివైపు గట్టూసో, ఎడమవైపు సీడోర్ఫ్ లేదా అంబ్రోజీని అతని వంతు పరుగు కూడా పరుగెత్తాలి. ఇద్దరు స్ట్రైకర్లయితే డైమండ్, అంటే మధ్యలో నలుగురు వజ్రం ఆకారంలో. ఒక్కడే స్ట్రైకరై వెనక ఇద్దరు ప్లేమేకర్లుంటే 4-3-2-1, ఇటాలియన్లు క్రిస్మస్ చెట్టు అని పిలిచే ఆకారం.

2003లో మాంచెస్టర్‌లో జువెంటస్‌పై పెనాల్టీల్లో చాంపియన్స్ లీగ్, 2004లో లీగ్ వచ్చాయి. 2007లో ఏథెన్స్‌లో ఇంజాగి రెండు గోల్స్‌తో లివర్‌పూల్‌పై 2-1 విజయం. ఆ ఏడాది కాకా ఒక్కడే పోటీలో 10 గోల్స్ కొట్టాడు. వెనక గట్టూసో, పిర్లో, అంబ్రోజీని కాపు లేకుంటే అతనికి అంత స్వేచ్ఛ దక్కేది కాదు.

డైమండ్‌కు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. వెడల్పు ఇచ్చేది ఫుల్‌బ్యాక్‌లు మాత్రమే. మధ్యలో నలుగురు ఇరుక్కుని ఉంటారు గనుక, ప్రత్యర్థి బంతిని వేగంగా అంచుకు చేరిస్తే మిలాన్ మిడ్‌ఫీల్డ్ మొత్తం పక్కకు జరగాలి. లివర్‌పూల్‌తో ఆడిన 2005 ఇస్తాంబుల్ చాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను అదృష్టం, గుండె ధైర్యం కథగా చెప్పుకుంటారు గానీ అందులో ఈ లెక్క కూడా ఉంది. విరామానికి మిలాన్ 3-0 ముందుంది. లివర్‌పూల్ కోచ్ బెనితెజ్ ఫుల్‌బ్యాక్ ఫిన్నన్‌ను తీసి హామన్‌ను దింపాడు, వెనక ముగ్గురిని ఉంచాడు. హామన్, అలోన్సో కలిసి కాకా ఖాళీని మూసేశారు. జెరార్డ్‌కు ముందుకెళ్లే వీలు చిక్కింది. 54వ నిమిషంలో ఎడమ అంచు నుంచి రీసె క్రాస్, జెరార్డ్ తలతో గోల్. ఆరు నిమిషాల్లో 3-3. చివరికి పెనాల్టీల్లో ఓటమి. అంచులు మూయడానికి ఆంచెలోట్టి ఆ ఆరు నిమిషాల్లో ఏమీ మార్చలేకపోయాడన్నది నిజం. ఆ తర్వాత మిలాన్ అదనపు సమయం చివరిదాకా ఆధిపత్యం చూపిందన్నదీ నిజమే.

చెల్సీలో 2009-10లో 103 లీగ్ గోల్స్‌తో లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచాడు. పారిస్‌లో ఒక లీగ్ టైటిల్. అక్కడ కొత్తగా చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు.

2013లో చేరిన రియల్ మాడ్రిడ్‌లో చేసింది మాత్రం నా లెక్కలో మిలాన్ పనికి ఏమాత్రం తీసిపోదు. రొనాల్డో, బెంజెమా, బేల్ ముగ్గురూ ఆడాలి. రొనాల్డో వెనక్కి రాడు. అంచుల్లో ఆడే డి మరియాను ఆంచెలోట్టి ముగ్గురు మిడ్‌ఫీల్డర్లలో ఎడమవాడిగా దించాడు. బంతి తమ దగ్గర ఉంటే 4-3-3. పోగానే బేల్ కుడి మిడ్‌ఫీల్డ్‌లోకి దిగుతాడు, డి మరియా ఎడమ అంచుకు జరుగుతాడు, రొనాల్డో బెంజెమా పక్కన పైనే ఉంటాడు. 4-4-2 సిద్ధం. సాక్కి పాఠం ఇక్కడ బంతి లేనప్పుడు మాత్రమే వాడే పనిముట్టు అయింది. గార్డియోలా కోచ్‌గా ఉన్న బయెర్న్‌ను మ్యూనిక్‌లో 4-0తో చిత్తు చేసింది ఈ అమరికే. అట్లెటికో మాడ్రిడ్‌తో 2014 చాంపియన్స్ లీగ్ లిస్బన్ ఫైనల్లో 59వ నిమిషంలో ఇస్కో, మార్సెలో వచ్చారు, 93వ నిమిషంలో రామోస్ సమం చేశాడు, 110వ నిమిషంలో డి మరియా ఎడమవైపు ఒంటరిగా దూసుకెళ్తే బేల్ ముగించాడు. 4-1. ఆ వేసవిలోనే క్లబ్ డి మరియాను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మేసింది. మరుసటి ఏడాది లెక్కలోకి వచ్చే పెద్ద ట్రోఫీ ఏదీ రాలేదు, ఆంచెలోట్టి ఉద్యోగం పోయింది.

సూత్రం ప్రతిచోటా పనిచేయలేదు. 2018లో నాపోలికి వచ్చేసరికి వెనక నుంచి ఆట నడిపే జోర్జీన్యో చెల్సీకి వెళ్లిపోయాడు. ఆంచెలోట్టి హామ్‌షిక్‌ను వెనక్కి దించి పిర్లో పని అప్పగించి చూశాడు. హామ్‌షిక్ బలం వేరు: ఎడమ మధ్య నుంచి పరుగెత్తి పెనాల్టీ బాక్స్‌లోకి ఆలస్యంగా చేరడం. వెనక నిలబెడితే ఆ పరుగు పోయింది, దానికి బదులు దక్కిందేమీ లేదు. 2019 ఫిబ్రవరిలో అతను చైనాకు వెళ్లాడు, ఆ డిసెంబర్‌లో కోచ్ కూడా వెళ్లాల్సి వచ్చింది.

రెండోసారి మాడ్రిడ్‌కు వచ్చాక 2022లో కాసెమీరో, క్రూస్, మోడ్రిచ్ త్రయం వయసు మీద పడినా నెట్టుకొచ్చింది. కారణం వాల్వెర్డే. పేరుకు కుడి వింగర్, పనికి నాలుగో మిడ్‌ఫీల్డర్. పారిస్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో వినీసియస్ గోల్‌కు బంతి అందించింది అతనే. 2023లో బెంజెమా వెళ్లిపోయి సెంటర్ ఫార్వర్డ్ లేకపోతే మళ్లీ డైమండ్ తీశాడు: వినీసియస్, రోడ్రిగో విడివిడిగా అంచులకు జరిగి డిఫెండర్లను లాగుతారు, మధ్యలో ఏర్పడ్డ సందులోకి బెల్లింగ్‌హామ్ వస్తాడు. మిడ్‌ఫీల్డర్‌కు ఒక్క సీజన్లో 19 లీగ్ గోల్స్, క్లబ్‌కు లీగ్, చాంపియన్స్ లీగ్.

2024లో క్రూస్ రిటైరయ్యాడు, ఎంబాపె వచ్చాడు. గోల్ కొట్టేవాడు చేరాడు, గోల్ దాకా బంతి చేర్చేవాడు పోయాడు. ఎంబాపె 31 లీగ్ గోల్స్ కొట్టాడు కాబట్టి అతన్ని తప్పుపట్టలేం. ముందు ముగ్గురు వెనక్కి రాకపోతే మిగిలిన ఏడుగురు మైదానమంతా కాయాలి, అది సాధ్యం కాదు. పైగా కార్వహాల్, మిలితావ్ గాయాలతో డిఫెన్స్ కూలింది. బార్సెలోనాతో ఆడిన నాలుగు మ్యాచ్‌లూ ఓడి 16 గోల్స్ ఇచ్చారు. వాల్వెర్డేలా ఒకణ్ని తక్కువ పేరున్న స్థానంలో బలి పెట్టాలంటే, ముందు ఆడే స్టార్లలో ఒకణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టాలి. ఆ పని ఆయన చేయలేదు. ఆటగాళ్లతో సఖ్యత ఆయనకు ఎప్పుడూ బలమే, ఆ ఏడాది మాత్రం అదే అడ్డమైంది.

2025 మే 26న బ్రెజిల్ బాధ్యతలు తీసుకున్నాడు. మొదటి జట్టులోనే కాసెమీరోను వెనక్కి పిలిచాడు. అక్టోబర్‌లో సియోల్‌లో నలుగురు ఫార్వర్డ్‌లను దింపి, వెనక కాసెమీరో, బ్రూనో గిమరాయెస్‌లను మాత్రమే ఉంచి కొరియాను 5-0తో ఓడించాడు. నాలుగు రోజులకే టోక్యోలో, చాలా మార్పులతో దిగిన జట్టు విరామానికి 2-0 ముందుండి జపాన్ చేతిలో 3-2తో ఓడింది. రెండో సగంలో జపాన్ ముందుకొచ్చి ఒత్తిడి పెట్టినప్పుడు బంతిని నిలిపి, ఊపిరి తీసుకునే వీలిచ్చే మిడ్‌ఫీల్డర్ ఒక్కడూ కనిపించలేదు. క్లబ్బులో అయితే అలాంటివాణ్ని కొనవచ్చు, లేదా రోజూ శిక్షణ ఇచ్చి ఆర్నెల్లలో తయారుచేయవచ్చు. జాతీయ జట్టు కోచ్‌కు ఆటగాళ్లు చేతికి దొరికేది ఒక్కోసారి కొద్ది రోజులే.