రోస్టర్ సల్లగుండాలె

మైనార్టీలకు ఉద్యోగాలు దొరకడం లేదని ఈ మధ్య మళ్లీ గోల మొదలైంది. పాలమూరు వాసిగా దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరును జిల్లాకే పెట్టుకుని మహబూబ్‌నగర్ అనుకున్నాం. జిల్లా పేరే ఇచ్చాక ఇంకా ఉద్యోగం కూడా కావాలంటే ఎట్లా?

అసలు మనం చేయనిదేముంది? దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం, ఐఏఎస్‌లలో మాత్రం 3 శాతం అని ముస్లింల స్థితిగతులపై కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లోనే లెక్క తేల్చింది. తెలంగాణ వచ్చాక సుధీర్ కమిషన్ మన లెక్కలూ తీసింది. 2017 ఏప్రిల్‌లో ముస్లిం రిజర్వేషన్‌ను 4 నుంచి 12 శాతానికి పెంచుతూ అసెంబ్లీ బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపింది. మనవాళ్లలో ఢిల్లీలో పర్మనెంట్ అయింది ఆ బిల్లొక్కటే. అదే ఏడాది ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష కూడా చేశాం.

మా వీధిలో ఒక ముస్లిం అమ్మాయి ఉంది. ఉర్దూ మీడియంలో డీఎడ్ చేసింది, టెట్ పాసైంది. డీఎస్సీలో మంచి మార్కులే వచ్చాయి. జిల్లాలో ఉర్దూ మీడియం పోస్టులూ ఖాళీగానే ఉన్నాయి. అయినా క్లాక్ టవర్ దగ్గర బట్టల షాపులో బిల్లులు రాస్తోంది. మొన్న ఎదురుపడి అడిగింది:

"అంకుల్, మార్కులున్నయి, పోస్టున్నది, నేనున్న. మరి నడుమ ఎవరున్నరు?"

"రోస్టర్ ఉందమ్మా" అన్నాను, కాస్త భక్తిగానే.

రోస్టర్ అంటే ఏ పోస్టు ఏ వర్గానికో వరసగా చెప్పే పట్టిక. దాని లీల తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఉర్దూ మీడియం పోస్టు రోస్టర్‌లో ఎస్సీ, ఎస్టీ పాయింట్ మీద పడుతుంది. ఆ వర్గాల్లో ఉర్దూ మీడియం చదివినవాళ్లు ఎక్కడో తప్ప దొరకరు. కాబట్టి పోస్టు మిగిలిపోతుంది, బ్యాక్‌లాగ్ పేరుతో తర్వాతి నోటిఫికేషన్‌కు పోతుంది. అక్కడా అదే పాయింట్, అదే ఖాళీ. 2024 డీఎస్సీలోనూ ఉర్దూ పోస్టులు ఇట్లాగే మిగిలాయి. ఎస్సీ బిడ్డకూ రాలేదు, ముస్లిం బిడ్డకూ రాలేదు, బడి పిల్లలకు సారూ రాలేదు. ఇంతకన్నా సమానత్వం ఇంకేం కావాలి?

ఆ ఎస్సీ, ఎస్టీ కోటాను తెలుగు మీడియం పోస్టుల్లో కలిపి వాళ్లకు ఇచ్చి, ఉర్దూ పోస్టును ఉర్దూ చదివినవాళ్లకు ఇస్తే ఇద్దరికీ కొలువు వస్తుంది కదా అని మా కాలనీలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ వాదించారు. అలాంటి మనుషులను ప్రభుత్వం ఎందుకు రిటైర్ చేస్తుందో నాకు అప్పుడే బోధపడింది.

ఆ అమ్మాయి ఒకప్పుడు ఉర్దూ బడిలో విద్యా వలంటీరుగా పాఠాలు చెప్పింది కూడా. అంటే తాత్కాలికంగా కూర్చుంటే ఆ కుర్చీకి ఆమె తగినదే, పర్మనెంటుగా కూర్చుంటేనే ఇబ్బంది.

అలాగని ఆమెను ప్రభుత్వం వదిలేయలేదు సుమా! కుట్టు మిషన్ ఇచ్చింది. ప్రభుత్వాలు మారినా మైనార్టీ ఆడవాళ్ల ఉపాధి అనగానే మిషనే. వేదిక మీద లీడర్లు వరసగా నిలబడి మిషన్ మీద చేతులు వేశారు, ఫొటో తీశారు. వెనక ఎక్కడో ఆమె తల మీది చున్నీ కొంచెం కనపడింది. ఇప్పుడు వీధిలో ఇంటికో మిషన్. జాకెట్ కుట్టించుకునేవాళ్లు మాత్రం ఎవరూ లేరు, అందరూ కుట్టేవాళ్లే.

మగపిల్లలకు లోన్ ఉంది. 2025లో యువ వికాసం దరఖాస్తుల కోసం కుల, ఆదాయ సర్టిఫికెట్లంటూ మీసేవ ముందు ఎండలో నిలబడ్డారు. ఉపాధి దొరికిందా అంటే దొరికింది, జిరాక్స్ సెంటర్లకు.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక్కటే విన్నపం. ఇన్ని డీఎస్సీలు దాటొచ్చిన ఆ ఖాళీ పోస్టుకు సీనియారిటీ లెక్కగట్టి, హెడ్మాస్టర్‌గా ప్రమోషన్ ఇవ్వాలి. అది బదిలీ అడగదు, సెలవు పెట్టదు, పీఆర్సీ కోసం ధర్నాకూ రాదు.