సవరణ: గౌరీ లంకేశ్ కేసులో వచ్చింది బెయిలు, నిర్దోషులన్న తీర్పు కాదు

కన్నడ పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ హత్య గురించి గత వారం నేను రాసినదానిలో, నిందితులను కోర్టు నిర్దోషులుగా వదిలేసిందని ఉంది. అది నా పొరపాటు. 2017 సెప్టెంబరు 5న బెంగళూరులో తన ఇంటి ముందే ఆమెను కాల్చి చంపిన ఈ కేసులో విచారణ 2022లో మొదలైంది. సాక్షులు వందల సంఖ్యలో ఉండటంతో అది ఇప్పట్లో ముగిసే సూచన లేదన్న కారణంతో, 2023 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఒక నిందితునికి బెయిలు ఇచ్చింది, తర్వాత మరికొందరికీ వచ్చింది. బెయిలు వస్తే నేరం చేయలేదని తేలినట్టు కాదు. అమలాపురంలో ప్రాక్టీసు చేసే ఒక న్యాయవాది ఈ తేడా చెప్పగా, అప్పటి పత్రికల వార్తలతో సరిచూసుకున్నాను.

పోలీసులు ఎవరినీ పట్టుకోలేదన్న వాక్యమూ తప్పే: ప్రత్యేక దర్యాప్తు బృందం 18 మందిని నిందితులుగా చేర్చి, 17 మందిని అరెస్టు చేసింది. అయితే హత్య జరిగిన దాదాపు ఐదేళ్లకు గానీ విచారణ మొదలుకాలేదు. మా కోనసీమ పల్లెల్లో విలేకరుల కుటుంబాలు సైతం పోలీసులనూ కోర్టులనూ నమ్మలేకపోవడానికి ఇలాంటి జాప్యమే ప్రధాన కారణమన్న నా అభిప్రాయాన్ని మాత్రం మార్చుకోవడం లేదు.