ఏరు దాటిన విమానం

ఆదివారం పొద్దున్న ఏడింటికి మా పర్లాకిమిడి వీధుల్లో నేను స్కూటర్ మీద, నా వెనక పన్నెండేళ్ల మేనల్లుడు చంకలో విమానంతో వెళ్తుంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. మొదట్లో ఆగి చూసేవారు. ఇప్పుడు "ఏటి బావూ, ఇయాల కూడా పడగొడతావేటి?" అని పలకరించి వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. వంతెన దగ్గర టీ కొట్టాయనైతే రోజూ ఒకటే మాట: "ఎల్లినప్పుడు ఒకటే కదా, వొచ్చినప్పుడు ఎన్ని ముక్కలో సెప్పీసి ఎల్లు."

నాలుగడుగుల రెక్క ఉన్న, రేడియో రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానం అది. ఒళ్లంతా ఫోమ్. ముక్కు మీద బ్రష్‌లెస్ మోటారు, దానికి పదంగుళాల ప్రొపెల్లరు. తోకనీ రెక్క అంచుల్నీ కదపడానికి తొమ్మిదేసి గ్రాముల సర్వో మోటార్లు నాలుగు. నేర్చుకునేవాళ్ల రకం కాబట్టి రెక్క పైన ఉంటుంది, దాన్ని రబ్బరు బ్యాండ్లతో కడతాం. ఆ బ్యాండ్లు చూసి మా బావ "ఇంత ఖర్చు పెట్టి చివరికి పచ్చడి ప్యాకెట్‌కి కట్టినట్టు కట్టారేంట్రా" అన్నాడు. నిజానికి అది పిసినారితనం కాదు. నేలకి కొట్టుకున్నప్పుడు రెక్క విరగకుండా ఊడి పక్కకి పోవాలని చేసిన ఏర్పాటు. విమానం తయారు చేసినవాడికి నాలాంటి వాళ్ల గురించి ముందే తెలుసన్నమాట.

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు దీని ప్రాణం ఆవకాయ జాడీలో ఉంటుంది. లిథియం పాలిమర్ బ్యాటరీ, మూడు సెల్లులు, 2200 మిల్లీయాంప్ అవర్లు. ఎక్కువ చార్జింగ్ అయినా, దెబ్బ తగిలినా మంటలు లేస్తాయి కాబట్టి పింగాణీ పాత్రలో పెట్టి, మూత వెయ్యకుండా, పక్కనే కూర్చుని చార్జ్ చెయ్యాలి. మా ఇంట్లో తగిన పింగాణీ అంటే మా అత్తగారు బరంపురం నుంచి పంపిన జాడీ ఒక్కటే. అందులో ఆవకాయని స్టీలు డబ్బాలోకి మార్చిన రోజు నుంచి మా ఆవిడ ఆ విమానాన్ని "మీ రెండో సంసారం" అంటోంది. కడిగి ఎండబెట్టినా బ్యాటరీకి ఆవఘాటు పట్టుకుంది. ఎగరేసి దించిన ప్రతిసారీ, వేడెక్కిన బ్యాటరీ బయటికి తీస్తే మా మేనల్లుడికి ఆకలేస్తుంది.

మేం ఎగరేసేది మహేంద్రతనయ ఒడ్డున, కోతలైపోయిన మడిలో. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేట్‌ని రెండు ముక్కలు చేసి, ఊరున్న ముక్కని ఒడిశాలో కలిపారు. అందుకే మాకు ఇల్లు ఒక రాష్ట్రంలో, వియ్యంకుడు ఇంకో రాష్ట్రంలో. చూసి మొక్కే నీలమణి దుర్గమ్మ కూడా అవతలి ఒడ్డు ఆవిడే.

సంక్రాంతి వెళ్లిన మొదటి ఆదివారం జరిగిందిది. ఎగరేసే ముందు చెయ్యాల్సిన తంతు ఉంటుంది. విమానాన్ని రెక్క కింద రెండు వేళ్ల మీద నిలబెట్టి బరువు చూడాలి. రెక్క వెడల్పులో ముందు నుంచి పావు వంతు, మూడో వంతు మధ్యలో అది తూగాలి. తోక బరువైతే ఇక దాన్ని దేవుడు కూడా నడపలేడు. తర్వాత ఒకరు విమానం పట్టుకుంటే ఇంకొకరు ట్రాన్స్‌మిటర్‌తో, అంటే చేతిలో రిమోట్‌తో, ముప్పై అడుగులు వెనక్కి నడిచి సిగ్నల్ అందుతోందో లేదో చూడాలి. ఇవన్నీ ఏడున్నరకల్లా అయిపోవాలి, ఎందుకంటే ఎనిమిదిన్నర దాటితే ఏటి గాలి లేస్తుంది. కాని ఆ రోజు చూడ్డానికి జనం పోగయ్యారు. జనం పోగయ్యారంటే నాకు ఉపన్యాసం పూనుతుంది.

1937లో అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు రేడియోతో మోడల్ విమానం నడిపారనీ, దాని పేరు గఫ్ అనీ, అదిప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉందనీ చెప్పాను. తుండుగుడ్డ తలకి చుట్టుకున్న ఒకాయన "మరి దీన్ని ఏటి సేస్తారు, మ్యూజియంలో ఎట్టీస్తారా?" అన్నాడు. అక్కడే ఉన్న ఒడియా మాస్టారు "పర్మిషన్ అచ్ఛి కి?" అని అడిగారు. సరదాకి ఎగరేసే మోడల్ 25 కిలోలు దాటకూడదనీ, కంటికి ఆనేంత దూరంలోనే ఎగరాలనీ 2021 డ్రోన్ రూల్స్‌లో ఉందని గడగడా చెప్పాను. నా కళ్లద్దాలు మైనస్ రెండున్నర అన్న సంగతి ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. చూసుకునేసరికి ఎనిమిది నలభై.

మేనల్లుడు విసిరాడు. విమానం చక్కగా లేచింది. రెండు చక్కర్లు కొట్టింది. ఆ రెండు నిమిషాల సుఖం ఎలాంటిదంటే, ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఒక్క కాగితం నా మాట విని కదల్లేదు, అక్కడ ఆకాశంలో నా బొటనవేలు చెప్పినట్టు వింటోంది!

మూడో చక్కర్లో అది మా వైపు తిరిగింది. ఈ సరదాలో ఉన్న చిక్కంతా ఇక్కడే. వీపు చూపించి వెళ్తున్నంతసేపు దాని కుడి మన కుడే. ఎదురొచ్చిందంటే దాని కుడి మన ఎడమ. పెళ్లిలో ఫోటోగ్రాఫరు "కొంచెం కుడికి" అంటే పెళ్లివారంతా కలిసి ఎడమకి జరుగుతారు చూడండి, అచ్చం అదే. దీనికో చిట్కా ఉంది: ఎదురొచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలుతుంటే ట్రాన్స్‌మిటర్ మీది పుల్లని ఆ పక్కకే నెట్టాలి, ఒరిగే పందిరికి గుంజ ఆనించినట్టు. మేనల్లుడికి వంద సార్లు నేర్పాను.

గాలి తోసింది. నా కుడి పక్క రెక్క వాలింది. తుండుగుడ్డాయన "ఎడమకు! ఎడమకు!" అని అరిచాడు. మాస్టారు "డాహాణకు! డాహాణకు!" అని అరిచారు. డాహాణ అంటే కుడి. అటు ఒడియాలోనూ ఇటు తెలుగులోనూ చివర 'కు' ఒకటే కావడంతో, ఆ గోలలో నాకు ఇద్దరి నోటా ఆ 'కు' ఒక్కటే వినబడింది. మాస్టారు చెప్పిందే నిజం. కాని సరిగ్గా ఆ క్షణంలో నాకు మాతృభాషాభిమానం పొంగింది.

ఎడమకి నెట్టాను. వాలిన రెక్క ఇంకా వాలి, విమానం గిర్రున తిరిగి, మాకు వీపు చూపించి ఏటి మీదికి పోయింది. కంగారులో థ్రాటిల్, అంటే మోటారు వేగం, తగ్గించాల్సింది పెంచేశాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక భాష మీద మాకు గౌరవం ఎక్కువే, అయినా నేనప్పుడు వాడిన భాష ఇక్కడ రాయలేను.

పైగా తుపాకీ గురి పెట్టినట్టు యాంటెన్నా కొనని సరిగ్గా విమానం వైపే చూపించాను. కొన వైపే సిగ్నల్ అన్నిటికంటే తక్కువ, పక్కల నుంచే ఎక్కువ పోతుంది. అది కూడా వంద సార్లు నేర్పాను. సిగ్నల్ తెగింది. తెగితే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి ఉంచాను కాబట్టి చప్పుడు ఆగింది. తెల్ల చుక్క ఒకటి అవతలి ఒడ్డు కొబ్బరి చెట్ల మీదుగా జారి కనబడకుండా పోయింది. మాస్టారు "కంటికి ఆనేంత దూరం" అని మెల్లగా అన్నారు. ఈసారి తెలుగులోనే.

పావుగంటకి ఫోను. విమానం పొట్ట మీద మేనల్లుడు స్కెచ్ పెన్నుతో నా నంబరు రాసి ఉంచాడు. "ఇమానం మీదేనా అండీ? మా అవ్వ వడియాల మీద పడిపోనాది. అవ్వ రమ్మంటంది."

వంతెన దాటి వెళ్లాం. డాబా మీద పాత పంచె పరిచి బూడిద గుమ్మడి వడియాలు పెట్టారు. వరసలన్నీ పద్ధతిగా ఉన్నాయి. మధ్యలో మాత్రం మూరెడు వెడల్పున నాగలి చాలు తీసినట్టు ఒక రన్‌వే. దాని చివర పిట్టగోడకి ఆనుకుని విమానం. రబ్బరు బ్యాండ్లు వాటి పని అవి చేశాయి, రెక్క ఊడిపోయింది. ఊడి, పోయి నీళ్ల ట్యాంకుకి కొట్టుకుని సగానికి విరిగింది. పొట్ట నిండా పచ్చి వడియాలు. తోక దగ్గరే ఎక్కువ అంటుకున్నాయి. నా చెయ్యి దానంతటదే రెక్క కింద రెండు వేళ్లు పెట్టే చోటు వెతికింది.

అవ్వ తిట్టలేదు. నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నీకు పెళ్లయిందేటి నాయినా?"

"అయిందవ్వా."

"మరేటి ఈ కర్మ?"

క్షమాపణ చెప్పి, మినప్పప్పుకీ గుమ్మడికాయకీ డబ్బులిస్తానన్నాను. అవ్వ డబ్బు వద్దంది. ఎర్ర టేపు, వెండి రంగు టేపు అంటించిన సగం రెక్క ఎండలో తళతళలాడుతోంది. అటే చూస్తోంది. "అది పడిన కాణ్నుంచి ఒక్క కాకి రాలేదు. ఆ ముక్క ఉంచీయ్."

అందులో సర్వో ఉంది, తీసుకుంటానన్నాను. తీసుకోమంది. చిన్న స్క్రూ డ్రైవరుతో నేను విప్పుతుంటే, మేక గుండెకాయ బేరమాడేటప్పుడు కసాయి చెయ్యి చూసినట్టు చూసింది. తర్వాత మనవడి చేత ఆ ముక్కకి పురికొస కట్టించి, బట్టల తీగకి వేలాడదీయించింది. గాలికి అది తిరుగుతోంది. నేను నడిపిన దానికంటే నిలకడగానే తిరుగుతోంది.

తిరిగొస్తుంటే టీ కొట్టాయన కెటిల్ దించి మేనల్లుడి ఒళ్లోవి లెక్కపెట్టాడు. "ఒళ్లొకటి, సగం రెక్క. మిగతా సగం?"

"ఆంధ్రాలో ఉండిపోయింది."

"మా తాత బూమీ అంతే," అని రెండు టీలు పోశాడు.