కంచం ముందు కత్తి

రాత్రి ఎనిమిదిన్నర. టీవీ ముందు కంచాలు పెట్టుకుని ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చునే వేళ. వార్తా చానల్‌లో ఎవరో ఎవరినో నడిరోడ్డు మీద నరుకుతున్నారు. సీసీ కెమెరా దృశ్యం. ముఖాలు కనపడకుండా మసక చేస్తారు గానీ, కత్తి చుట్టూ మాత్రం ఎర్ర సున్నా చుడతారు. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి. వెనకాల దడదడమనే సంగీతం. నోట్లో ముద్ద పెట్టుకున్న ఆరేళ్ల పిల్ల నమలడం మర్చిపోయి చూస్తుంటుంది. ‘అటు చూడకు, తిను’ అంటుంది తల్లి, తను మాత్రం తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

చూసినంత మాత్రాన పిల్లలు చెడిపోతారా అని చానళ్లవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త బందూరా చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలి బొమ్మను బాదడం చూసిన పిల్లలు తామూ అలాగే బాదారు. బొమ్మను కొట్టడం వేరు, మనిషిని కొట్టడం వేరు అన్న విమర్శ అప్పుడే వచ్చింది, అందులో న్యాయం ఉంది. కానీ షికాగో ప్రాంతంలో 1977లో మొదలైన అధ్యయనాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. 557 మంది పిల్లలతో మొదలుపెట్టి, పదిహేనేళ్ల తర్వాత వారిలో దొరికినవారిని మళ్లీ కలిశారు. చిన్నప్పుడు టీవీలో హింస ఎక్కువగా చూసినవారిలో పెద్దయ్యాక దూకుడు ఎక్కువగా కనిపించిందని 2003లో ప్రకటించారు. వాళ్లంతా హంతకులయ్యారని కాదు.

మాకు అంతకన్నా దిగులు కలిగించేది భయం. ఆ పిల్ల రేపు ఎవరినీ కొట్టకపోవచ్చు. పడుకునే ముందు తలుపు గడియ పెట్టారా లేదా అని మాత్రం రెండుసార్లు అడుగుతుంది.

చట్టం లేక కాదు. పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వారికి తగని కార్యక్రమాలు వేయకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. ‘ఎ’ సర్టిఫికెట్ సినిమా కత్తిరింపులు పడి మళ్లీ సెన్సార్ గడప తొక్కితే గానీ టీవీలోకి రాదు. పెద్దలకే తగినవి రాత్రి 11 దాటాకే వేయాలని వినోద చానళ్లు తమకు తాము నియమం పెట్టుకున్నాయి. పాలల్లో విషం కలిపే సీరియల్ అత్తలు ఆ నియమానికి అందకుండా పోతున్నారు, అది వేరే గొడవ. వార్తలకు మాత్రం కత్తెరా లేదు, గడియారమూ లేదు.

రక్తపు మడుగుల ఫొటోలు వేసిన పాపం పత్రికలకూ ఉంది, మేం మినహాయింపు కాదు. అయినా అడుగుతున్నాం. సాయంత్రం ఆరు నుంచి రాత్రి 11 దాకా హత్యా దృశ్యాలు వేయకూడదని కేంద్ర సమాచార ప్రసార శాఖ వార్తా చానళ్లకు వేళలతో సహా చెప్పాలి. ముందు చానల్‌కు, తర్వాత చానళ్ల సంఘానికి, చివరికి కేంద్రానికి చెప్పుకునేలా 2021లో తెచ్చిన మూడంచెల ఫిర్యాదుల విధానం గురించి ఎన్ని ఇళ్లలో తెలుసు? ఫిర్యాదు ఎక్కడ చేయాలో తెర మీదే చూపాలి, ఇప్పుడు బంగారు నగల ప్రకటనలు పరిగెత్తే ఆ కింది పట్టీలోనే.