కోడిగుడ్డు మీది ఈకలు కావివి

మన సంఘం సినిమా రాత్రికి ఈసారి భయపెట్టే చిత్రం వేద్దామని, 'ప్రొమీథియస్' అయితే బాగుంటుందని కమిటీలో ఒకరన్నారు. అందుకని మొన్న శనివారం మళ్లీ పెట్టుకుని కూర్చున్నాను. మధ్యమధ్య బొమ్మ ఆపి కాగితం మీద లెక్కలు వేస్తుంటే, "కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికా ఇంత సేపూ?" అంది మా ఆవిడ.

2012లో వచ్చిన ఈ రిడ్లీ స్కాట్ సినిమా, మనుషుల్ని పుట్టించినవారిని వెతుక్కుంటూ వేరే గ్రహానికి వెళ్లినవాళ్ల కథ. ఇందులో ఈకలకు కొదవ లేదు. వాళ్ల అంతరిక్ష ఓడ తొలిసారి కనిపించినప్పుడు భూమి నుంచి దూరం తెర మీద అంకెల్లో పడుతుంది: 327 లక్షల కోట్ల కిలోమీటర్లు, అంటే 34 కాంతి సంవత్సరాల పైమాటే. తర్వాత ఓడలోని అధికారిణి తాను 50 కోట్ల మైళ్లు వచ్చానంటుంది. అంత దూరం వెళితే గురుగ్రహం దాటి నాలుగడుగులు వేసినట్టు. రెండు అంకెలకూ తేడా నాలుగు లక్షల రెట్లు!

ఇంకో ముచ్చట మనకు సంబంధించింది. మనుషుల్ని పుట్టించినవారితో మాట్లాడటానికి డేవిడ్ అనే మరమనిషి ఒక ఆదిమ భాష నేర్చుకుంటాడు. అతను వల్లె వేసేది 1868లో ష్లైషర్ అనే జర్మన్ భాషావేత్త కూర్చిన గొర్రె, గుర్రాల కథ. అది ఇండో-యూరోపియన్ భాషలకు తల్లి ఇలా ఉండి ఉంటుందని పండితులు ఊహించి కట్టిన భాష. దాని వయసు మహా అయితే ఆరేడు వేల ఏళ్లు. కథలో ఆ పుట్టించినవారి జాడ చూపే గుహచిత్రాలకు 35,000. పైగా మన తెలుగు ద్రావిడ కుటుంబానిది, ఆ తల్లి బిడ్డ కాదు. మనల్ని పుట్టించినవారు మన ముత్తాతలతో ఏ భాషలో మాట్లాడారో మరి!

ఇవన్నీ నవ్వుకుని వదిలేస్తాను. వదలలేనిది వేరే ఉంది. ముక్కూమొహం తెలియని గ్రహంలో గాలి పీల్చుకోవచ్చని తెలియగానే ఒక శాస్త్రవేత్త శిరస్త్రాణం తీసేస్తాడు, వెనకే మిగతావాళ్లూ. సొరంగాల పటం తీసే యంత్రాలు ఎగరేసినవాడే దారి తప్పుతాడు. వేల ఏళ్ల నాటి శవాన్ని చూసి వెనుదిరిగిన జీవశాస్త్రవేత్త, ఆ రాత్రే పడగెత్తిన పాములాంటి ప్రాణిని బుజ్జగిస్తూ చెయ్యి చాస్తాడు. మా ఆవిడ ఆసుపత్రి ప్రయోగశాలలో పని చేస్తుంది. చేతి తొడుగులు లేకుండా రక్తపు సీసా ముట్టదు. "వీడికి ఏమైనా అయితే నాకేం భయం?" అని లేచి టీ పెట్టడానికి వెళ్లింది.

అదే రిడ్లీ స్కాట్ 1979లో తీసిన 'ఏలియన్'లోనూ నియమం తప్పుతారు. మొహానికి ఏదో ప్రాణి అతుక్కున్న మనిషిని మోసుకొచ్చి తలుపు తీయమంటే, 24 గంటలు వేరుగా ఉంచాలన్నది నియమమని ఓడలోని అధికారిణి రిప్లీ ఒప్పుకోదు. తలుపు తీసేది ఓడలోని శాస్త్ర అధికారి యాష్. ఎందుకు తీశాడో తర్వాత తెలుస్తుంది. అది తెలివితక్కువతనం కాదు. జాగ్రత్తపరురాలు ఓడిపోయింది కాబట్టే మన గుండె జారుతుంది. అందుకే నా ఓటు దీనికే.

టీ తాగాక అదీ పెట్టాను. మా ఆవిడ ఇప్పటికి నాలుగుసార్లు చూసి ఉంటుంది. తలుపు దగ్గరి సన్నివేశం రాగానే కప్పు బల్ల మీద పెట్టి, తెర వంక చూస్తూ మెల్లగా, "తీయకు" అంది.