లామినేషన్ చేయించిన అబద్ధం

ఇప్పుడే ఇంటికి వచ్చాను. కాళ్ళు కూడా కడుక్కోలేదు. ఈ కోపం ఇక్కడ కక్కేయకపోతే మళ్ళీ క్లాసుకు వెళ్ళినప్పుడు పిల్లల మీద అరుస్తాను, వాళ్ళ తప్పేమీ లేదు పాపం.

నాన్నగారి పంట రుణం తిరగరాయడానికి అడంగలు, 1బి అనే భూమి రికార్డుల నకళ్ళు తెమ్మన్నారు బ్యాంకువాళ్ళు. కోనసీమలో మాకున్నది ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరితోట, అంతే. దానికోసం నేను సెలవు పెట్టి, డెబ్బై ఆరేళ్ళ మనిషిని ఆటో ఎక్కించి, పొద్దున పదింటికల్లా ఆ కార్యాలయం ముందు నిలబడ్డాను. ఏ కార్యాలయమో చెప్పను. మీ మండలంలోనూ అలాంటిది ఒకటి ఉంటుంది, దాన్నే అనుకోండి.

కిటికీకి ఒక బోర్డు వేలాడుతోంది. ‘సర్వర్ పనిచేయుట లేదు.’ అందులో వింత ఏముంది అంటారా? ఆ కాగితానికి లామినేషన్ చేయించారు. పై అంచుకు రెండు చిల్లులు పెట్టి, పురికొస కట్టి, మేకుకు తగిలించారు. గాలికి అది తిరగబడితే రెండో వైపు కనిపించింది: ‘భోజన విరామం’. చెడిపోవడం అప్పుడప్పుడూ జరిగేదైతే తెల్లకాగితం మీద పెన్నుతో రాస్తారు. రోజూ జరిగేదానికే లామినేషన్.

లోపల అబ్బాయి మాత్రం మంచివాడు. “వస్తూ పోతూ ఉందండి, ప్రయత్నం చేద్దాం, రుసుము ఫోనులో కట్టేయండి” అన్నాడు. కట్టాను. నా ఖాతాలో డబ్బు తగ్గినట్టు క్షణంలో సందేశం వచ్చింది. అతని తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది. చివరికి ‘చెల్లింపు అందలేదు’. “మళ్ళీ కట్టండి మేడం. పాతది దానంతట అదే వెనక్కి వస్తుంది, వారం పది రోజుల్లో.”

డబ్బు పెద్దది కాదు. కానీ నేను పదకొండేళ్ళుగా ఇంజనీరింగ్ కళాశాలలో డేటాబేస్ పాఠం చెబుతున్నదాన్ని. నిన్ననే, అక్షరాలా నిన్ననే, బోర్డు నిండా రాసి చెప్పాను: లావాదేవీ జరిగితే మొత్తం జరగాలి, లేదంటే అసలు మొదలే కానట్టు ఉండాలి, సగం జరగడమనేది లేదు. డేటాబేస్ శాస్త్రవేత్త జిమ్ గ్రే దీని మీద వ్యాసం రాసింది 1981లో. దీనితో కలిపి లావాదేవీకి ఉండాల్సిన నాలుగు లక్షణాలకు హార్డర్, రాయిటర్ అనే పరిశోధకులు ‘యాసిడ్’ అని పేరు పెట్టింది 1983లో. బ్యాంకు ఒక వ్యవస్థ, కార్యాలయం వేరే వ్యవస్థ కదా మేడం అని నా పాత విద్యార్థి ఎవరో ఇప్పటికే వేళ్ళు విరుచుకుంటూ ఉంటాడు. నాయనా, నీకు ఆ పాఠం చెప్పింది నేనే. రెండు చోట్లా ముందు ‘సిద్ధమేనా’ అని అడిగి, అందరూ సిద్ధమన్నాకే ‘కానివ్వండి’ అనాలని అదే గ్రే 1978లోనే వివరించాడు. నేను పుట్టకముందు మాట.

మన గోదావరి పిల్లలకు ఈ పాఠం చెప్పడం నిజానికి చాలా తేలిక. లొల్ల లాకుల దగ్గర ఫోటో దిగనివాడు నా క్లాసులో లేడు. కాలువల్లో పడవలు తిరిగే రోజుల్లో ఏం చేసేవారు? పడవను లాకులోకి తీసుకుని వెనక తలుపు మూసేవారు, నీటిమట్టం సమం చేసేవారు, అప్పుడు ముందు తలుపు తెరిచేవారు. రెండు తలుపులూ ఒక్కసారి తెరవరు. డేటాబేస్‌లో లాకు కూడా అదే: ఒకరు రికార్డు మారుస్తున్నంతసేపు ఇంకొకరు దాని మీద చెయ్యి వేయకూడదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. పడవను లాకు మధ్యలో వదిలేసి “వారం పది రోజుల్లో దానంతట అదే వెనక్కి వస్తుంది” అని ఆ కాలంలో ఎవరైనా అని ఉంటే కాలువలోకి తోసేవారు.

మధ్యలో కరెంటు పోతే ఎలా అంటారు. దానికీ మన కొబ్బరి కమీషను కొట్లో సమాధానం ఉంది. గుమస్తా ముందు చిట్టాలో రాస్తాడు, తీరిక చూసుకుని ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి, ఎక్కిస్తాడు. ఆవర్జా తడిసినా చిట్టా చూసి మళ్ళీ రాసుకోవచ్చు. అసలు రికార్డును ముట్టుకునే ముందు చిట్టా రాయి, కూలిపోయి లేచాక చిట్టా చదువు: ఐఐటీ మద్రాసులో చదివి ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ‘ఏరీస్’ పేరుతో ప్రకటించిన పద్ధతికి గుండెకాయ ఇదే. కొట్లో గుమస్తాకు తెలిసిన విద్య ఆ కిటికీ వెనక యంత్రానికి తెలియదు.

గ్రే సంగతి ఎత్తాను కాబట్టి చెబుతున్నాను. 2007 జనవరిలో ఆయన తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో వెళ్ళాడు, మళ్ళీ కనిపించలేదు. ఉపగ్రహ చిత్రాలు ముక్కలు ముక్కలుగా పంచుకుని వేలమంది వెతికినా దొరకలేదు. ఇది చెప్పిన రోజు క్లాసులో ఎవరూ ఫోను చూడరు. అస్థికలంటే ఏమిటో, అవి నీళ్ళలో కలపడమంటే ఏమిటో మా పిల్లలకు తెలుసు.

సరే, మళ్ళీ కట్టాను. రెండోసారి అందింది. అప్పుడు అసలు బాంబు పేలింది. “మేడం, పేరు కలవడం లేదండి.”

పాసుపుస్తకంలో మా నాన్నగారు సత్యనారాయణ. భూమి రికార్డులో సత్తినారాయణ. ఆధార్‌లో ఇంగ్లీషు ‘టి’ పక్కన ఒక ‘హెచ్’ చేరింది. కాబట్టి కంప్యూటర్ లెక్కన ముగ్గురు మనుషులు. మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు, చేతిలో బట్టలకొట్టు సంచి, అందులో నలభై ఏళ్ళ శిస్తు రసీదులు. ఆయన్ని ఎవరూ చూడలేదు, తెరనే చూశారు. పూర్వం కరణాలు సాధువులని నేను అనను, వాళ్ళు కలం తిప్పితే ఎకరాలు తిరిగేవి, 1984లో ఆ పదవులు రద్దయినప్పుడు మా తాతగారు కొబ్బరికాయ కొట్టారట. కానీ కరణం కనీసం ముఖం చూసేవాడు.

దీనికీ మందు ఉంది, అదీ ఇవాళ్టిది కాదు. రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ 1918లో పేటెంటు పొందిన పద్ధతి నుంచి వచ్చిన సౌండెక్స్, పేర్లను స్పెల్లింగుతో కాక ధ్వనితో పోల్చే పద్ధతి. కంప్యూటర్లే లేవు అప్పటికి. మొదటి అక్షరం ఉంచు, అచ్చులు, ‘హెచ్’, ‘వై’ లాంటివి తీసేయి, మిగిలిన హల్లులకు ధ్వనిని బట్టి అంకెలు వేయి, జంట అక్షరాలను ఒక్కటిగానే లెక్కపెట్టు, మూడు అంకెలకు ఆపు. ఇప్పుడే కాగితం మీద వేసి చూశాను. సత్యనారాయణ ‘హెచ్’ ఉన్నా లేకపోయినా, సత్తినారాయణ అయినా, మూడూ వచ్చేది ఒక్కటే: ఎస్356.

అది చాలదని నాకూ తెలుసు. సత్యనారాయణరాజు, సత్యనారాయణమూర్తి కూడా ఎస్356లోనే పడతారు. అన్నవరం దేవుడి చలవ, మా ఊళ్ళో వీధి చివర నిలబడి ఆ పేరు పిలిస్తే నలుగురు తలెత్తుతారు. మా జ్ఞానేశ్వరి అత్తయ్య పేరును ఒకరు ‘జి’తో, ఇంకొకరు ‘జె’తో రాస్తారు, అక్కడ సౌండెక్స్ చేతులెత్తేస్తుంది. అందుకే 1969లో ఫెల్లెగి, సంటర్ అనే గణాంకశాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపించారు: అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ తూకం, అరుదైనది కలిస్తే ఎక్కువ తూకం. సత్యనారాయణ కలిస్తే గొప్పేమీ లేదు. ఇంటిపేరు, తండ్రి పేరు, సర్వే నంబరు కూడా కలిశాయా, అయితే ఆ మనిషే.

ఇప్పుడు కడుపులో ఉన్నది చెప్పేస్తాను. సరిగ్గా ఇదే, తెలుగు పేర్లకు సరిపోయేలా, ముందు ఇంటిపేరు వచ్చే మన పద్ధతికి తగ్గట్టు చేస్తానని ఐదేళ్ళ క్రితం మా దగ్గర పరిశోధన కమిటీ ముందు ప్రతిపాదన పెట్టాను. బల్ల మీద టీ, జీడిపప్పు ఉన్నాయి. ఒక పెద్దాయన నా కాగితాలు తిప్పకుండానే జీడిపప్పు నములుతూ అన్నారు: “పేర్ల స్పెల్లింగుల మీద పరిశోధన ఏమిటమ్మా, అది తెలుగు శాఖవాళ్ళ పని. ఏదైనా ఏఐ పెట్టు.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకు ఇప్పటికీ మండుతుంది. ఆరోజు ఆమోదం పొందింది ‘బిగ్ డేటా సవాళ్ళు: ఒక సమీక్ష’. డబ్బు కడితే అచ్చువేసే పత్రికలో వచ్చింది. రాసినాయనకు పదోన్నతి కూడా వచ్చింది. సవాళ్ళన్నీ క్షేమంగా ఉన్నాయి, ఈరోజు పొద్దున కిటికీ దగ్గర చూసి వచ్చాను.

ఐబీఎం శాస్త్రవేత్త కాడ్ 1970లో, డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ నమూనా ప్రతిపాదిస్తూ మొదటి వాక్యంలోనే కోరుకున్నది ఏమిటి? యంత్రం లోపల డేటా ఎలా అమర్చారో వాడేవాళ్ళకు తెలియాల్సిన అవసరం ఉండకూడదని. మా నాన్నగారికి ఇప్పుడు అన్నీ తెలుసు. ఏ రికార్డు ఏ కార్యాలయంలో ఉంది, ఏ లాగిన్ ఎవరి దగ్గర ఉంది, ఏది ఏ వేళకు ‘లేస్తుంది’, అన్నీ ఆటోలో నాకే వివరించారు. ఆ తరువాత కాసేపు ఊరుకుని, “నువ్వు కాలేజీలో చెప్పేది ఇదేనా అమ్మా?” అన్నారు. అమాయకంగానే అడిగారు. అవునని చెప్పడానికి నోరు రాలేదు.

రేపు మళ్ళీ సెలవు. ఆ ముగ్గురూ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం రాయించి, నోటరీ చేయించి తెమ్మన్నారు. కోర్టు ఎదుట చెట్టు కింద టైపు చేసే ఆయన ఏ స్పెల్లింగు కొడతారో చూడాలి.